కోతకు ముందే పెంచాలి: లివర్ ఆపరేషన్‌కు ముందు సిరను ఎందుకు మూస్తారు?

కాలేయంలో క్యాన్సర్ గడ్డ ఉందని తెలిసిన కుటుంబం డాక్టర్‌ను మొదట అడిగేది ఒకటే: "గడ్డ మొత్తం తీసేయగలరా?" సర్జన్ ఆలోచన మాత్రం ఇంకోవైపు నడుస్తుంటుంది. తీసేశాక ఎంత మిగులుతుంది? ఆ మిగిలిన ముక్క మనిషిని బతికించగలదా?

గడ్డను తీయడం సాధ్యమే అయినా, మిగిలేది చాలని సందర్భాలు ఉంటాయి. అప్పుడు వైద్యులు ఆపరేషన్‌ను వాయిదా వేస్తారు. గడ్డ ఉన్న వైపు కాలేయానికి రక్తం తెచ్చే సిరను ముందుగా మూసేస్తారు. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు. ఆ వ్యవధిలో రెండోవైపు కాలేయం పెరుగుతుంది. అది తగినంత పెరిగిందని స్కాన్‌లో తేలాకే కత్తి పడతారు.

రక్తనాళం మూసుకుపోతే ప్రమాదమని మనందరికీ తెలుసు. గుండెపోటు, పక్షవాతం అలా వచ్చేవే. మరి డాక్టర్లే పనిగట్టుకుని ఒక సిరను మూస్తే మేలు ఎలా జరుగుతుంది? క్యాన్సర్ ఉందని తెలిసీ నెలరోజులు ఎందుకు ఆగమంటారు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు కాలేయంలో రక్తం ప్రవహించే తీరులోనే ఉంది.

ఎంత మిగిలితే చాలు?

పెద్దవారిలో కాలేయం బరువు 1.2 నుంచి 1.5 కిలోల దాకా ఉంటుంది. ఉదరంలో కుడిపక్క, పక్కటెముకల కింద ఉండే ఈ అవయవం రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లను తయారు చేస్తుంది. చక్కెరను నిల్వ చేస్తుంది. పైత్యరసాన్ని స్రవిస్తుంది. మందులను, విష పదార్థాలను విరిచేస్తుంది. మూత్రపిండాలు చెడితే డయాలిసిస్ ఉంది. కాలేయం చేసే పనులన్నింటినీ ఎక్కువకాలం చేసిపెట్టే యంత్రం ఇప్పటికీ లేదు.

ఫ్రెంచ్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త క్లోద్ క్వినో 1957లో కాలేయాన్ని ఎనిమిది ఖండాలుగా విభజించి చూపారు. ప్రతి ఖండానికీ తనదైన రక్తనాళాల శాఖ ఉంటుంది. అందుకే ఒక ఖండాన్ని తీసేసినా మిగతావి పని చేస్తూనే ఉంటాయి. కుడి భాగం పెద్దది, మొత్తంలో దాదాపు మూడింట రెండు వంతులు. ఎడమ భాగం మూడో వంతు. కుడి భాగంతో పాటు మధ్యలోని నాలుగో ఖండాన్ని కూడా తీయాల్సి వస్తే మిగిలేవి ఎడమ అంచున ఉన్న రెండు, మూడు ఖండాలే. చాలామందిలో అవి మొత్తం కాలేయంలో ఐదో వంతు కూడా ఉండవు.

ఆపరేషన్ తర్వాత మిగలబోయే ఈ భాగాన్ని 'మిగులు కాలేయం' అందాం. ఆరోగ్యంగా ఉన్న కాలేయమైతే మిగులు కనీసం 20 శాతం ఉండాలన్నది సర్జన్లు సాధారణంగా పాటించే హద్దు. కీమోథెరపీ ఎక్కువగా తీసుకున్నవారిలో ఆ మందుల ప్రభావం కాలేయంపై పడి ఉంటుంది కనుక 30 శాతం కావాలి. సిరోసిస్ వచ్చి గట్టిపడిన కాలేయమైతే 40 శాతం కావాలి.

ఈ హద్దు దాటి కోస్తే ఏమవుతుంది? ఆపరేషన్ బాగానే జరిగిందనిపిస్తుంది. కొద్ది రోజులకు కళ్లు పచ్చబడతాయి, పొట్టలో నీరు చేరుతుంది, రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది, మనిషి మగతలోకి జారుకుంటాడు. దీన్నే కోత అనంతర కాలేయ వైఫల్యం అంటారు. దీన్ని నేరుగా నయం చేసే మందు లేదు. రాకుండా చూసుకోవడమే అసలు వైద్యం.

రెండు దారుల్లో వచ్చే రక్తం

శరీరంలో చాలా అవయవాలకు రక్తం ధమని ద్వారా వచ్చి, సిర ద్వారా వెళ్లిపోతుంది. కాలేయం సంగతి వేరు. దీనికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. గుండె నుంచి ఆక్సిజన్ నిండిన రక్తాన్ని తెచ్చేది కాలేయ ధమని. వచ్చే రక్తంలో దీని వాటా పావు వంతే. మిగతా ముప్పావు వంతు పోర్టల్ సిర ద్వారా వస్తుంది. బడి పుస్తకాల్లో దీన్నే కాలేయ నిర్వాహక సిర అని చదువుకున్నాం. పేగులు, జీర్ణాశయం, ప్లీహం, క్లోమం నుంచి వచ్చే రక్తమంతా ఈ సిరలో కలుస్తుంది. తిన్న అన్నం నుంచి గ్రహించిన పోషకాలూ, క్లోమం విడుదల చేసిన ఇన్సులినూ ముందుగా కాలేయానికి చేరేది ఈ దారిలోనే.

రెండు దారుల్లో వచ్చిన రక్తం కాలేయ కణాల మధ్య సన్నని సందుల్లో కలిసి ప్రవహించి, చివరకు మూడు పెద్ద కాలేయ సిరల ద్వారా బయటకు వెళ్లి గుండెకు చేరుతుంది. కాబట్టి కాలేయానికి సంబంధించి 'సిర' అన్నప్పుడు ఏ సిర అన్నది ముఖ్యం. పోర్టల్ సిర రక్తాన్ని లోపలికి తెస్తుంది. కాలేయ సిర బయటకు తీసుకుపోతుంది. ఈ వ్యాసంలో ముందుగా వచ్చే చికిత్స మొదటిదాన్ని మూస్తుంది. కొత్తగా వచ్చిన పద్ధతి రెండింటినీ మూస్తుంది.

కాలేయంలోకి వచ్చాక పోర్టల్ సిర కుడి, ఎడమ శాఖలుగా చీలుతుంది. గడ్డ కుడివైపు ఉందనుకుందాం. కుడి శాఖను మూసేస్తే కుడి భాగానికి పోర్టల్ రక్తం ఆగిపోతుంది. అయినా ఆ భాగం చచ్చిపోదు, ఎందుకంటే ధమని ఇంకా తెరిచే ఉంది. పోర్టల్ రక్తం తగ్గినచోట ధమని రక్తం కొంత పెరగడం కాలేయానికి సహజంగా ఉన్న సర్దుబాటు కూడా. కుడి భాగం నెమ్మదిగా కుంచించుకుపోతుంది, కానీ తన పని కొంత చేస్తూనే ఉంటుంది. ధమనిని వదిలి సిరనే ఎంచుకోవడానికి ఇదొక కారణం.

మడవ కడితే నీళ్లు ఎటు పోతాయి?

భిలాయ్ చుట్టుపక్కల తాండులా కాలువ కింద వరి పండించే రైతుకైనా, గోదావరి డెల్టా రైతుకైనా ఇది కొత్త సంగతి కాదు. కాలువ నుంచి వచ్చే నీరు రెండు మళ్లలోకి పారుతోంది. ఒక మడికి మడవ కట్టేశారు. వెనక నుంచి నీటి రాక తగ్గదు కనుక అదంతా రెండో మడిలోకే పోతుంది.

కాలేయంలో జరిగేదీ ఇదే. పోర్టల్ సిరలోకి ఎంత రక్తం రావాలో ప్రధానంగా నిర్ణయించేది పేగులకూ ప్లీహానికీ వెళ్లే ధమనులు. కాలేయం తనకు ఇంతే చాలని తలుపు వేసుకోలేదు. కుడి శాఖ మూయగానే అంతకుముందు రెండు భాగాలూ పంచుకున్న రక్తమంతా ఎడమ భాగంలోకే మళ్లుతుంది. లెక్క తేలికగా ఉండడానికి మొత్తం ప్రవాహం మారలేదనుకుంటే, మూడో వంతు రక్తం అందుకుంటున్న ఎడమ భాగానికి ఇప్పుడు దాదాపు మూడు రెట్లు వస్తుంది.

ఈ పెరిగిన ప్రవాహాన్ని మొదట గుర్తించేవి రక్తనాళాల లోపలి పొర కణాలు. రక్తం వేగంగా జారుతున్నప్పుడు అది నాళపు గోడను రాపిడితో లాగుతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని షియర్ స్ట్రెస్ అంటారు. ఆ లాగుడుకు స్పందించి కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. దాని వెంట ఇంటర్‌ల్యూకిన్-6, కాలేయ కణ వృద్ధి కారకం వంటి రసాయన సంకేతాలు రంగంలోకి దిగుతాయి. మామూలుగా విశ్రాంతి దశలో ఉండే కాలేయ కణాలు మేలుకుని విభజన మొదలుపెడతాయి. అదనంగా వచ్చే రక్తంలోని పోషకాలు, ఇన్సులిన్ ఈ పెరుగుదలకు తోడ్పడతాయి.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. కాలేయం మళ్లీ పెరుగుతుందనగానే చాలామందికి తోక తెగిన బల్లి గుర్తుకొస్తుంది. బల్లికి తెగినచోటే కొత్త తోక మొలుస్తుంది. కాలేయంలో అలా జరగదు. తీసేసిన కుడి భాగం మళ్లీ మొలవదు. ఉన్న ఎడమ భాగమే పెద్దదై, లేని దాని పనిని కూడా నెత్తికెత్తుకుంటుంది.

సిరను ముందుగా మూయడంలో ఇంకో లాభం ఉంది. కుడి భాగాన్ని ఒక్కసారిగా తీసేస్తే, రక్తమంతా చిన్న ఎడమ ముక్క మీద అదే రోజు పడుతుంది. ఆ ఒత్తిడికి సున్నితమైన కణజాలం దెబ్బతినవచ్చు. ముందే సిరను మూస్తే, కుడి భాగం ఇంకా శరీరంలో ఉండగానే ఎడమ భాగం ఆ బరువు మోయడం అలవాటు చేసుకుంటుంది. మోయలేకపోతే ఆ సంగతి కోతకు ముందే బయటపడుతుంది.

కుందేళ్ల నుంచి జపాన్ ఆపరేషన్ గది దాకా

ఈ ఆలోచన ఒక్కరోజులో పుట్టలేదు. హాంకాంగ్‌లో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ కాంట్లీ ఒక శవపరీక్షలో కాలేయపు కుడి భాగం కుంచించుకుపోయి, ఎడమ భాగం బాగా పెరిగి ఉండడం గమనించారు. దాని ఆధారంగా కాలేయాన్ని రెండుగా విడదీసే అసలు గీత ఎక్కడుందో 1897లో వివరించారు. సర్జన్లు నేటికీ దాన్ని కాంట్లీ గీత అనే పిలుస్తారు.

1920లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో పేటన్ రౌస్, లూయిస్ లారిమోర్ కుందేళ్లపై ప్రయోగం చేశారు. పోర్టల్ సిరలోని ఒక శాఖను కట్టేస్తే ఆ వైపు కాలేయం క్షీణించి, రెండోవైపు పెరిగింది. క్యాన్సర్ కలిగించే వైరస్‌పై అంతకుముందే చేసిన పరిశోధనకు ఇదే రౌస్ 1966లో నోబెల్ బహుమతి అందుకున్నారు. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ ఎలుకల్లో కాలేయాన్ని మూడింట రెండు వంతులు తీసేసి, మిగిలినది కొద్ది రోజుల్లోనే దాదాపు పాత బరువుకు చేరడం చూపారు.

ఈ జ్ఞానాన్ని రోగి దగ్గరకు తెచ్చినవారు జపాన్ సర్జన్ మసతోషి మకూచి. పైత్యనాళపు క్యాన్సర్ ఉన్నవారిలో కొందరికి గడ్డే పోర్టల్ సిర శాఖను నొక్కి మూసేస్తుంది. అలాంటివారిలో రెండోవైపు కాలేయం దానంతటదే పెరిగి ఉంటుంది. జబ్బు చేసిన పనిని మనమే ముందుగా, అదుపులో చేస్తే? 1982లో ఆయన బృందం పోర్టల్ సిరను కావాలని మూసి, తర్వాత కాలేయాన్ని కోయడం మొదలుపెట్టింది. 14 మంది రోగుల అనుభవాన్ని 1990లో ప్రచురించడంతో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

సూది, తీగ, జిగురు

ఈ చికిత్సకు పొట్ట కోయనక్కర్లేదు. చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్, అంటే స్కాన్ చూస్తూ సూదులు, సన్నని గొట్టాలతో చికిత్స చేసే నిపుణుడు. రోగికి మత్తు లేదా తిమ్మిరి మందు ఇస్తారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చర్మం మీద నుంచి పోర్టల్ సిర శాఖలోకి సూది దింపుతారు. సూదిలోంచి సన్నని తీగ, ఆ తీగ వెంట కాథెటర్ అనే గొట్టం లోపలికి వెళ్తాయి. స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ 1953లో చూపిన ఈ ఉపాయమే నేటి రక్తనాళ చికిత్సలకు మూలం. ఎక్స్-రేలో కనిపించే మందును వదిలి సిరల కొమ్మలన్నింటినీ చిత్రం తీశాక, మూయాల్సిన కొమ్మలను ఒక్కొక్కటిగా మూస్తారు.

దేంతో మూస్తారు? ఒక్కో కేంద్రం ఒక్కో పదార్థం వాడుతుంది. కొందరు పాలీవినైల్ ఆల్కహాల్ రేణువులను, వాటి వెనక లోహపు చుట్టలను పెడతారు. కొందరు సయనోఅక్రిలేట్ జిగురు వాడతారు. ఇంట్లో విరిగిన ప్లాస్టిక్ వస్తువును అంటించే జిగురుకు ఇది దగ్గరి బంధువు. రక్తం తగలగానే క్షణాల్లో గట్టిపడుతుంది. అంత త్వరగా గట్టిపడితే గొట్టానికే అంటుకుపోతుంది కనుక దాన్ని లిపియోడాల్ అనే నూనెలో కలుపుతారు. గసగసాల నూనెకు అయోడిన్ చేర్చి చేసే ఈ పదార్థం జిగురు గట్టిపడడాన్ని నెమ్మదింపజేస్తుంది. అయోడిన్ వల్ల ఎక్స్-రేలో జిగురు ఎక్కడికి చేరుతోందో కనిపిస్తుంది కూడా.

మిగులు భాగంలోకి జిగురు ఒక్క చుక్క జారినా నష్టమే. కాపాడాల్సిన వైపే మూసుకుపోతుంది. ఈ పనికి అనుభవం ఉన్న చేయి కావాలనేది అందుకే. చికిత్స తర్వాత కొద్దిపాటి జ్వరం, నొప్పి రావచ్చు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, మూయకూడని సిరలో రక్తం గడ్డకట్టడం వంటి పెద్ద సమస్యలు అరుదు. నెదర్లాండ్స్ పరిశోధకులు 44 అధ్యయనాల్లోని సుమారు 1,800 మంది వివరాలను కలిపి 2013లో విశ్లేషించగా, పెద్ద సమస్యలు వందలో ఇద్దరు ముగ్గురికే వచ్చినట్టు తేలింది. మిగులు భాగం సగటున 38 శాతం పెరిగింది.

పెరిగిందా? లెక్క చూద్దాం

38 శాతం పెరగడమంటే ఎంత? ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. 160 సెంటీమీటర్ల ఎత్తు, 58 కిలోల బరువున్న మనిషి శరీర ఉపరితల వైశాల్యం సుమారు 1.6 చదరపు మీటర్లు. అంత ఒళ్లున్న మనిషికి కాలేయం ఎంత ఉండాలో అంచనా వేసే సూత్రాలు ఉన్నాయి. ఎక్కువగా వాడే ఒక సూత్రం ప్రకారం వైశాల్యాన్ని 1267.28తో గుణించి అందులోంచి 794.41 తీసేయాలి. ఇక్కడ జవాబు సుమారు 1,233 మిల్లీలీటర్లు. ఈ సూత్రం పాశ్చాత్య దేశాల రోగుల సీటీ స్కాన్ల నుంచి వచ్చింది. అందుకే వైద్యులు దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా రోగి స్కాన్‌లో నేరుగా కొలిచిన ఘనపరిమాణాన్ని కూడా చూస్తారు.

ఇతని మిగులు భాగం స్కాన్‌లో 270 మిల్లీలీటర్లు వచ్చిందనుకుందాం. అంటే 22 శాతం. ఇతను కీమోథెరపీ తీసుకున్నాడు కనుక కావాల్సింది 30 శాతం. ఇప్పుడే కోస్తే ప్రమాదం. కుడి పోర్టల్ శాఖను మూసి నాలుగు వారాలు ఆగాక మిగులు భాగం 38 శాతం పెరిగితే 373 మిల్లీలీటర్లు అవుతుంది. అంటే మొత్తంలో 30 శాతం. సరిగ్గా గడప దాటినట్టు.

ఈ లెక్కలో ఇంకో అంకె దాగి ఉంది. 22 నుంచి 30కి చేరడానికి నాలుగు వారాలు పట్టింది. వారానికి 2 శాతం పాయింట్లు. ఈ వేగం ఎందుకు ముఖ్యమో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిన 107 మందిపై 2013లో ప్రచురించిన అధ్యయనం చూపింది. వారానికి 2 శాతం గానీ అంతకంటే ఎక్కువగా గానీ పెరిగినవారిలో ఆపరేషన్ తర్వాత ఒక్కరికీ కాలేయ వైఫల్యం రాలేదు. అంతకంటే నెమ్మదిగా పెరిగినవారిలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి వచ్చింది.

అంటే ఆ నాలుగు వారాలు ఆపరేషన్ తేదీ కోసం ఊరికే ఎదురుచూసే రోజులు కావు. కాలేయానికి అది పరీక్ష. త్వరగా పెరిగిన కాలేయం కోతను తట్టుకునే సత్తా తనకుందని చూపిస్తుంది. పెరగని కాలేయం, నన్ను కోయవద్దని ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక కోతకు ముందు రావడం వల్ల ఒక ప్రాణం నిలబడవచ్చు.

ఆగడంలో ఉన్న నష్టం

ఇంతవరకు చెప్పింది ఒకవైపే. రెండోవైపు గడ్డ కూడా ఉంది. అది మన కోసం ఆగదు. పెరుగుదలకు తోడ్పడే రసాయన సంకేతాలు గడ్డకు కూడా అందవచ్చు. అందుకే సిర మూసినవారందరూ ఆపరేషన్ దాకా చేరరు. కొందరిలో ఈలోగా జబ్బు పాకుతుంది, ఇంకొందరిలో మిగులు భాగం చాలినంత పెరగదు. ఎడమవైపు కూడా చిన్న గడ్డలుంటే ముందు వాటిని తీసేసి, ఆ తర్వాతే కుడి సిరను మూయడం ఒక జాగ్రత్త. దీన్ని రెండు దశల ఆపరేషన్ అంటారు.

ఆగే రోజులను తగ్గించాలన్న తపన నుంచి ఇంకో పద్ధతి వచ్చింది. జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో సర్జన్లు పొట్ట తెరిచి, కుడి పోర్టల్ శాఖను కట్టేసి, అదే ఆపరేషన్‌లో కాలేయాన్ని రెండు భాగాలుగా చీల్చి, రెండింటినీ లోపలే ఉంచి కుట్టేశారు. కొద్ది రోజులకు మళ్లీ తెరిచి కుడి భాగాన్ని తీశారు. దీనికి ఆల్ప్స్ అని పేరు. 25 మంది రోగుల ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి. తొమ్మిది రోజుల్లోనే మిగులు భాగం 74 శాతం పెరిగింది. సర్జన్ల లోకం ఆశ్చర్యపోయింది. అదే నివేదికలో ఇంకో అంకె కూడా ఉంది. ఆ రోగుల్లో 12 శాతం ఆసుపత్రిలోనే చనిపోయారు. రోగులను జాగ్రత్తగా ఎంచుకోవడం, పద్ధతిలో మార్పులు చేయడం వల్ల తర్వాత ఫలితాలు మెరుగుపడ్డాయి. అయినా ఒక పాఠం మిగిలింది. స్కాన్‌లో పరిమాణం పెరిగినంత త్వరగా పని చేసే శక్తి పెరగకపోవచ్చు. అందుకే ఇప్పుడు చాలా కేంద్రాలు కొలతతో పాటు పనితనాన్ని కూడా పరీక్షిస్తున్నాయి. ఇండోసయనిన్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగును రక్తంలోకి ఎక్కించి 15 నిమిషాల తర్వాత ఎంత మిగిలిందో చూడడం వాటిలో ఒకటి.

వచ్చే దారీ, పోయే దారీ

పొట్ట కోయకుండా, అదే సమయంలో త్వరగా పెంచే మార్గం ఉందా? మళ్లీ మడి దగ్గరకే వెళ్దాం. నీరు వచ్చే మడవ కట్టినా గట్టు కింద నుంచి కొంత ఊట వస్తూనే ఉంటుంది. కాలేయంలోనూ అంతే. కుడి పోర్టల్ శాఖను మూసినా ధమని రక్తం వస్తూనే ఉంటుంది. పక్క భాగం నుంచి సన్నని నాళాల ద్వారా పోర్టల్ రక్తం కూడా కొంత చేరవచ్చు. బయటకు పోయే దారిని కూడా మూస్తే ఆ రక్తం ముందుకు కదలలేదు. ఆ భాగం మరింత త్వరగా క్షీణిస్తుంది. ఎడమ భాగానికి అందే సంకేతం బలపడుతుంది.

దక్షిణ కొరియా సర్జన్లు 2009లో ఈ దిశగా ఒక అడుగు వేశారు. పోర్టల్ సిర మూసినా తగినంత పెరగనివారికి తర్వాత కాలేయ సిరను కూడా మూసి చూపారు. ఫ్రాన్స్‌లోని మాన్‌పెలియే బృందం రెండు దారులనూ ఒకే విడతలో మూయడం మొదలుపెట్టి, 2016లో ఆ ఫలితాలను ప్రచురించింది. దీన్ని 'లివర్ వీనస్ డిప్రివేషన్' అంటున్నారు. ఈ పద్ధతిలో మిగులు భాగం త్వరగా, ఎక్కువగా పెరుగుతున్నట్టు ఇప్పటిదాకా వచ్చిన నివేదికలు చెబుతున్నాయి.

ఇందులో చిక్కు వేరే ఉంది. పోర్టల్ సిరలో వదిలిన జిగురు రక్తంతో పాటు కాలేయం లోపలికే పోతుంది. కాలేయ సిరలో రక్తం గుండెవైపు పారుతుంది. అక్కడ జిగురు జారితే గుండె దాటి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటుంది. కాబట్టి ముందుగా సిర నోటి దగ్గర ఒక లోహపు బిరడా పెడతారు. ఇది నికెల్, టైటానియం కలిపిన నిటినాల్ తీగతో అల్లింది. ఉక్కు ఊరి పాఠకులకు ఈ మిశ్రలోహం ఆసక్తి కలిగిస్తుంది. దీన్ని సాగదీసి సన్నని గొట్టంలో ఇముడ్చవచ్చు. బయటికి రాగానే తన పాత ఆకారాన్ని గుర్తు తెచ్చుకున్నట్టు విచ్చుకుంటుంది. సిర వ్యాసం కంటే పెద్ద బిరడాను ఎంచుకుంటారు కనుక అది గోడలను ఒత్తుకుని కదలకుండా నిలబడుతుంది. దాని వెనక మాత్రమే జిగురు వదులుతారు.

ఈ కొత్త పద్ధతి పాతదాని కంటే ఎంతవరకు మేలో తేల్చడానికి ఫ్రాన్స్‌లో హైపర్-లివ్01, మాస్ట్రిక్ట్ కేంద్రంగా డ్రాగన్ అనే పరీక్షలు చేపట్టారు. చూడాల్సింది స్కాన్‌లో పెరిగిన మిల్లీలీటర్లే కాదు. ఎక్కువమంది ఆపరేషన్ దాకా చేరుతున్నారా, ఎక్కువకాలం బతుకుతున్నారా అన్నదే చివరి లెక్క.

దేంతో పొరబడకూడదు

కాలేయ రక్తనాళాలను మూసే చికిత్సలు ఇంకా ఉన్నాయి. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల కాగితాలు చదివే కుటుంబాలు తికమక పడతాయి. టేస్ అనే చికిత్సలో గడ్డకు వెళ్లే ధమనిని మందుతో మూసి గడ్డకు ఆహారం అందకుండా చేస్తారు. దాని లక్ష్యం గడ్డ. మనం చెప్పుకుంటున్న పోర్టల్ సిర మూసివేత లక్ష్యం మిగిలే కాలేయాన్ని పెంచడం. గడ్డను చంపడం దాని పని కాదు. ప్రింగిల్ పద్ధతి అనేది ఆపరేషన్ జరుగుతున్నప్పుడు రక్తస్రావం తగ్గించడానికి కొద్ది నిమిషాల పాటు నాళాలను బిగించడం. 1908 నుంచి వాడుకలో ఉంది. బడ్-కియారీ అన్నది కాలేయ సిరలు వాటంతటవే మూసుకుపోయే జబ్బు. అది వేరే కథ.

సిర మూసే చికిత్స అందరికీ పనికిరాదు. ముదిరిన సిరోసిస్ వల్ల పోర్టల్ సిరలో ఒత్తిడి ఇప్పటికే ఎక్కువగా ఉన్నవారికి ఇది ప్రమాదం. గట్టిపడిన కాలేయం పెరగడంలోనూ వెనకబడుతుంది. మన దేశంలో కాలేయ క్యాన్సర్ చాలాసార్లు హెపటైటిస్-బి, సి, మద్యం, కొవ్వు కాలేయం వల్ల దెబ్బతిన్న కాలేయంలోనే వస్తుంది కనుక ఈ విషయం మనకు మరీ ముఖ్యం. కామెర్లు ఉంటే ముందు మిగులు భాగం నుంచి పైత్యరసం పారే దారి చేసి, కామెర్లు తగ్గాకే సిర మూస్తారు.

భిలాయ్ నుంచి బయలుదేరే కుటుంబానికి

భిలాయ్ కోహ్కాలో గానీ, సెక్టార్లలో గానీ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇలాంటి పెద్ద వైద్యానికి రాయ్‌పూర్, నాగపూర్, విశాఖపట్నం, హైదరాబాద్ వైపు చూడడం మామూలే. ఈ చికిత్సకు కాలేయ సర్జన్, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్, కాలేయాన్ని కొలిచే స్కాన్ సౌకర్యం, ఐసీయూ ఒకేచోట కావాలి. సిర మూయడం ఒకసారి, స్కాన్ ఇంకోసారి, కోత మరోసారి అంటే ఒక కుటుంబానికి మూడు ప్రయాణాలు. మధ్యలో ఇంటికి వచ్చిన రోగికి ఒంట్లో పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. "బాగానే ఉన్నాడు కదా, పండగ అయ్యాక వెళ్దాం" అనుకోవడం తేలిక. ఇక్కడే ప్రమాదం. పెరుగుదలను కొలిచే స్కాన్‌కు డాక్టర్ చెప్పిన తేదీ దాటిపోతే, కాలేయం సిద్ధమైనా గడ్డ పాకి ఆపరేషన్ అవకాశం చేజారవచ్చు.

డాక్టర్‌ను అడగడానికి కొన్ని ప్రశ్నలు రాసి పెట్టుకోండి. కోత తర్వాత కాలేయం ఎంత శాతం మిగులుతుంది? మా మనిషికి ఎంత కావాలి? ఏ సిరను మూస్తున్నారు, పోర్టల్ సిర ఒక్కటేనా, కాలేయ సిర కూడానా? కొలిచే స్కాన్ ఏ తేదీన? తగినంత పెరగకపోతే తర్వాతి మార్గం ఏమిటి? ఈ మధ్యకాలంలో కీమోథెరపీ కొనసాగుతుందా? సీటీ స్కాన్ నివేదిక కాగితంతో సరిపెట్టుకోకుండా చిత్రాలున్న సీడీని కూడా దాచుకోండి. కాలేయాన్ని కొలిచేది ఆ చిత్రాల మీదే.

ఇంటి దగ్గర చేయగలిగిన పనులూ ఉన్నాయి. మద్యం పూర్తిగా మానాలి. కొత్త కణాలు తయారు కావడానికి ప్రోటీన్ కావాలి కనుక పథ్యం పేరుతో రోగిని చారన్నానికే పరిమితం చేయకూడదు. పప్పు, గుడ్డు, పాలు, చేప ఎంత పెట్టాలో ఆసుపత్రిలోని ఆహార నిపుణులను అడగాలి. డాక్టర్‌కు చెప్పకుండా నాటుమందులు, నొప్పి మాత్రలు వాడకూడదు. జ్వరం తగ్గకపోయినా, పొట్టనొప్పి పెరిగినా, కళ్లు పచ్చబడినా తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

"ఇంకా ఆపరేషన్ చేయలేదా?" అని చుట్టాలు అడిగినప్పుడు ఇంట్లోవాళ్లు కంగారుపడనక్కర్లేదు. సిర మూసిన రోజునే చికిత్స మొదలైంది. ఆ రోజు నుంచి మిగులు కాలేయం వారానికి ఎంత పెరుగుతోందన్నదే ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పేది స్కాన్. ఆ తేదీని మాత్రం తప్పనివ్వకండి.